జింకలు, మా నల్లరేగడి ఊళ్లు: ఒక పశువైద్యుడు వినే అపోహలు

కర్నూలు జిల్లా ఆలూరు, పత్తికొండ వైపు ఊళ్లలో పశువైద్యం చేస్తున్నాను. నా పనంతా ఎనుములు, గొర్రెలతోనే. మధ్యమధ్య కుక్కలు కరిచిన జింకనో, బావిలో పడిన జింకనో తీసుకొస్తారు. చుట్టూ జనం చేరతారు. ముసలాయన "మా కాలంలో అయితే ఇది కూరకు పోయేది" అంటాడు. రైతు "దీన్ని బతికించి ఏం లాభం సార్, మళ్లీ నా చేనికే వస్తుంది" అంటాడు. బడి పిల్లోడు "బతుకుతుందా సార్?" అని కళ్లనీళ్లు పెట్టుకుంటాడు. తాత, తండ్రి, మనవడు ఒకే జింకను మూడు రకాలుగా చూస్తారు. నేను ముగ్గురితోనూ మాట్లాడాలి.

అపోహ: వెనకటి వాళ్లకు దయ లేదు, మనకు ఉంది.

మా జేజినాయన వల పన్నేవాడు. కుందేళ్లు, పూరేళ్లు, ఎప్పుడన్నా ఒక జింక. మాంసం నలుగురిళ్లకు పంచేవాళ్లు. వలలో చూలు జింక పడితే మాత్రం వదిలేసేవాడు. "తల్లిని తింటే వచ్చే ఏడు ఏం తింటాం రా" అనేవాడు. ఏ వంక పక్కన ఈనుతాయో, ఏ బీడులో మగవి కొట్లాడుకుంటాయో ఆయనకు తెలిసినంత నాకు ఈ చదువుతో కూడా తెలియదు. అలాగని ఆ కాలాన్ని పొగడను. రాత్రిపూట జీపుల్లో లైట్లు వేసుకొని తుపాకులతో సరదాకు కాల్చిన వాళ్లూ అప్పుడే ఉన్నారు. వల వేసుకున్న పేదవాణ్ణి, జీపులో వచ్చిన పెద్దమనిషిని ఒకే గాటన కట్టడం నాకు నచ్చదు.

అపోహ: పారువేట మన ఆచారం కాబట్టి పండగపూట వేట తప్పు కాదు.

అహోబిలం పారువేట సంక్రాంతి వేళ మొదలవుతుంది. నరసింహస్వామి పల్లకీలో ఊరూరా తిరిగి, చెంచులక్ష్మితో తన పెళ్లికి అత్తింటివాళ్లను పిలుస్తాడని నమ్మకం. చెంచులు పల్లకీ వైపు బాణం సంధిస్తారు. అది దేవుడికీ చెంచులకూ ఉన్న బంధుత్వపు వేడుక. అందులో ఏ జంతువూ చావదు. మన పండగల్లో నాకు బాగా ఇష్టమైనది అది. దాని పేరు చెప్పి ఉచ్చులు పెడితే బాధేస్తుంది.

అపోహ: జింకా దుప్పీ ఒకటే. అడవిలో వదిలేస్తే పోతుంది.

మన చేలల్లో కనిపించేది కృష్ణజింక, ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు. దుప్పి కొమ్ములు ఏటా రాలి మళ్లీ మొలుస్తాయి. కృష్ణజింక మెలికల కొమ్ములు జీవితాంతం రాలవు. ఆడవాటికి మామూలుగా కొమ్ములుండవు. ఇంకో పెద్ద తేడా, దుప్పి నల్లమల లాంటి అడవుల్లో ఉంటుంది. కృష్ణజింకకు కావలసింది చెట్లు లేని గడ్డి మైదానం. దూరం నుంచే శత్రువును చూసి పరుగెత్తి బతికే జంతువు అది. "నల్లమలకు తోలేయండి సార్" అన్నప్పుడల్లా రైతుకు ఈ మాటే చెబుతాను.

తోలడం కూడా తేలిక కాదు. తరిమి తరిమి పట్టుకున్న జింక, ఒంటిమీద చిన్న గాయం లేకపోయినా, కొన్ని గంటల్లోనో రోజుల్లోనో చచ్చిపోవచ్చు. భయంతో విపరీతంగా పరుగెత్తడం వల్ల కండరాలు దెబ్బతింటాయి, వాటిలోంచి వచ్చే విషం మూత్రపిండాలకు, గుండెకు చేరుతుంది. నా చేతుల్లోనే అలా పోయినవి ఉన్నాయి. అందుకే తరలించాల్సి వస్తే ఆఫ్రికాలో పుట్టిన బోమా పద్ధతి వాడతారు. గరాటు ఆకారంలో దడి కట్టి, మందను చెయ్యి తగలకుండా మెల్లగా లోపలికి నడిపిస్తారు. 2025లో మధ్యప్రదేశ్‌లో హెలికాప్టర్ సాయంతో ఇలాగే చేశారు.

అపోహ: చట్టం వచ్చాక జింకలు విపరీతంగా పెరిగిపోయాయి, అందుకే చేలమీద పడుతున్నాయి.

ఇందులో సగం నిజం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను ఆపింది. జింకను వేటాడే చీతా మన దేశంలో అంతరించిందని 1952లోనే ప్రకటించారు, తోడేళ్లూ తగ్గాయి. కానీ ఆ బీళ్లు ఏవి? మా జేజినాయన వల వేసిన బీడు ఇప్పుడు పత్తి చేను. గడ్డి పోయినచోట జింక మొలకలే తింటుంది. ముంగారి వానకు వేసిన బుడ్డలు (వేరుశనగ), పత్తి లేతగా ఉన్నప్పుడు మంద దిగితే, తెల్లారేసరికి ఆ రైతు అప్పు తెచ్చి వేసిన విత్తనం పోయినట్టే. ఆ కోపాన్ని నేను తప్పు పట్టలేను.

నందికొట్కూరు దగ్గరి రోళ్లపాడు ఇందుకు ఉదాహరణ. గడ్డి నేలల్లో బతికే పెద్ద పక్షి బట్టమేక పిట్ట కోసం 1988లో అక్కడ అభయారణ్యం చేశారు. కాపలా ఉన్న గడ్డిలో కృష్ణజింకలు బాగా పెరిగి, చుట్టుపక్కల చేలల్లో పడ్డాయి. ఊళ్లవాళ్లకు అభయారణ్యం అంటేనే గిట్టకుండా పోయింది. ఎవరి కోసం కట్టారో ఆ బట్టమేక మాత్రం అక్కడ కనుమరుగైంది. రైతును పక్కన పెట్టి జంతువును కాపాడలేమని నేను అక్కడే నేర్చుకున్నాను.

అపోహ: పంట తింటే చంపే హక్కు రైతుకు ఉంది.

లేదు. కృష్ణజింక ఆ 1972 చట్టంలో మొదటి షెడ్యూల్ జంతువు, అంటే అన్నిటికంటే గట్టి రక్షణ ఉన్న జాబితాలోది. మనుషుల ప్రాణానికి ప్రమాదమైతేనో, కోలుకోలేని గాయమో జబ్బో ఉంటేనో తప్ప అటవీ శాఖ పెద్ద అధికారి కూడా చంపడానికి అనుమతి ఇవ్వలేడు. పంట నష్టం ఒక్కటే కారణంగా చాలదు. వేటాడితే మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల దాకా జైలు, 25 వేలకు తగ్గకుండా జరిమానా. ఉచ్చు పెట్టడం, విషం పెట్టడం కూడా వేట కిందికే వస్తాయి. చేను చుట్టూ కరెంటు తీగ మాత్రం వద్దు. రాత్రి నీళ్లు కట్టడానికి వచ్చిన మీ కొడుకుకు, పక్క చేను మనిషికి అది తగలొచ్చు. నష్టం జరిగితే ఫొటోలు తీసి, అటవీ శాఖకు అర్జీ పెట్టండి. ఆలస్యమవుతుందని తెలిసినా పెట్టండి. కాగితం మీద లేని నష్టం లెక్కలోకి రాదు.

అపోహ: గడ్డిలో ఒంటరిగా దొరికిన పిల్లను తల్లి వదిలేసింది.

ఇది పిల్లలు, కుర్రవాళ్లు ప్రేమతో చేసే పొరపాటు. తల్లి తన కూనను గడ్డిలో దాచి మేతకు పోతుంది. కూన కదలకుండా పడుకుంటుంది. తల్లి దూరం నుంచి చూస్తూ, పాలివ్వడానికి వస్తుంది. మనం దగ్గర నిలబడితే రాదు. ఇంటికి తెచ్చి సీసాతో పాలు పట్టిన కూనల్లో చాలావాటికి విరేచనాలు పట్టుకుంటాయి. బతికినా, మనిషికి మరిగిన జింక మళ్లీ మందలో కలవడం కష్టం. పైగా ఇంట్లో పెంచడం చట్టప్రకారం నేరం. పోయిన ముంగారిలో ఇద్దరు పిల్లలు ఒక కూనను నా దగ్గరికి తెచ్చారు. వాళ్ల తాతను వెంటబెట్టుకొని, దొరికిన చోటే సాయంత్రం పెట్టించాను. "తల్లి వస్తుందిలే, దూరంగా కూచోండి" అని పిల్లలను గట్టు వెనక్కి తీసుకెళ్లింది ఆ తాతే. చీకటి పడేలోపు తల్లి వచ్చింది.

గాయపడిన జింక కనబడితే ముందు కుక్కలను తరిమి, జనాన్ని దూరంగా పంపండి. కళ్ల మీద గుడ్డ కప్పండి, నీడలో ఉంచండి. నోట్లో నీళ్లు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. అటవీ శాఖకు, పశువుల ఆసుపత్రికి ఫోన్ చేయండి. మేము వచ్చేదాకా దాని పక్కన ఎవరూ గట్టిగా మాట్లాడకుండా చూడండి.