కార్చిచ్చు ఆరాక కురిసే మొదటి వాన

కార్చిచ్చు అనగానే మంటలే కళ్లముందు మెదులుతాయి కానీ, కాలిన అడవికి దిగువన ఏటినీళ్లు తాగి బతికేవారికి అసలు కష్టం చాలాసార్లు మంటలు ఆరాక కురిసే మొదటి పెద్దవానతో మొదలవుతుంది. అడవిలో ఎండుపుల్లలు ఏరివేయించే స్థానిక పర్యావరణ సంస్థలే ఏటి నీటిని సీసాల్లో పట్టి పరీక్షించడం చూసేవారికి వింతగా తోచవచ్చు. నిజానికి ఆ రెండూ ఒకే పని.

ఆకులూ అలములూ కాలినప్పుడు వాటిలోని మైనం వంటి పదార్థాలు ఆవిరై నేలలోకి దిగి, కొన్ని సెంటీమీటర్ల లోతున చల్లని మట్టిరేణువులకు పూతలా పట్టుకుంటాయి. దీన్ని కనిపెట్టడానికి ప్రయోగశాల అక్కర్లేదు. పైనున్న బూడిదను పక్కకు తీసి, మట్టిమీద ఒక నీటిబొట్టు వేసి గడియారం చూస్తే చాలు. ఆ బొట్టు తామరాకు మీద నీటిచుక్కలా 5 సెకన్లకు మించి నిలిచిందంటే ఆ నేల నీటిని పీల్చుకోవడం లేదన్నమాట. అలాంటి వాలుమీద పడ్డ వాన ఇంకకుండా బూడిదనూ, మట్టినీ, వాటితోపాటు భాస్వరాన్నీ నత్రజనినీ ఊడ్చుకొని ఏట్లోకి దిగుతుంది. అమెరికాలోని కొలరాడోలో 1996, 2002 సంవత్సరాల్లో చెలరేగిన రెండు కార్చిచ్చుల తర్వాత జలాశయాల్లో పేరుకున్న పూడికకూ, ఇతర మరమ్మతులకూ డెన్వర్ నగర నీటి సంస్థ రెండున్నర కోట్ల డాలర్లకు పైగా ఖర్చుపెట్టవలసి వచ్చింది. అంతకంటే కంటికి కనబడని చిక్కు మరొకటుంది: కాలిన నేలనుంచి నీటిలో కరిగి వచ్చే సేంద్రియ పదార్థం శుద్ధి కేంద్రంలో క్లోరిన్‌తో కలిసి ట్రైహాలోమీథేన్లనే హానికర రసాయనాలుగా మారుతుంది.

ఏటినీటి కలకను కొలిచే గొట్టం చూడటానికి పిల్లల ఆటవస్తువులా ఉంటుంది. పొడవాటి పారదర్శక గొట్టం అడుగున నలుపు తెలుపు బిళ్ల ఒకటుంటుంది. గొట్టం నింపి, పైనుంచి చూస్తూ, ఆ బిళ్ల కనబడేదాకా నీటిని కొద్దికొద్దిగా వదిలి, మిగిలిన ఎత్తును రాసుకోవాలి. ఒక్కరోజు రాసుకున్న అంకెకు పెద్ద విలువేమీ లేదు. మంటలు రాకముందు కొన్నేళ్లపాటు ఎండాకాలంలోనూ వానాకాలంలోనూ అదేచోట రాసిపెట్టిన పుస్తకం ఉంటేనే, ఈ కలక కార్చిచ్చువల్ల వచ్చిందా, ఏటా వచ్చేదేనా అన్నది తేలుతుంది. జీతంలేని కార్యకర్తలు విసుగులేకుండా చేసే ఈ పనిని తక్కువచేసి చూడటం నాకు అన్యాయమనిపిస్తుంది.

అయితే ఏటి పరీక్షకు అందనివీ ఉన్నాయి. కాలిఫోర్నియాలో 2017లో శాంటా రోసాలోనూ, 2018లో ప్యారడైజ్ పట్టణంలోనూ మంటల తర్వాత మంచినీటి గొట్టాల్లోనే క్యాన్సర్ తెచ్చే రసాయనం బెంజీన్ బయటపడింది. ఒత్తిడి పడిపోయిన గొట్టాల్లోకి పొగ చేరడం, ప్లాస్టిక్ గొట్టాలు వేడికి చెడిపోవడం దీనికి కారణాలుగా భావిస్తున్నారు. తాగునీటిలో బెంజీన్‌కు అమెరికా పెట్టిన హద్దు లీటరుకు 5 మైక్రోగ్రాములు. ఆ మోతాదు ఉన్నా నీళ్లు తేటగానే కనిపిస్తాయి. పైగా అలాంటి నీటిని కాచితే బెంజీన్ వంటింటి గాలిలోకి చేరుతుంది.

ఇక సీసాల సంగతి. రసాయన పరీక్షకు పట్టే సీసాను సాధారణంగా ఏటినీటితోనే కడిగి నింపుతారు. క్లోరిన్ కలిపిన నీటిలో సూక్ష్మజీవులను వెతికే సీసాను మాత్రం కడగకూడదు, ఎందుకంటే క్లోరిన్‌ను విరిచేందుకు ముందే అందులో చిటికెడు సోడియం థయోసల్ఫేట్ వేసి ఉంచుతారు.