సోరియాసిస్‌కీ ఆయాసానికీ సంబంధం ఎలా బయటపడింది

సోరియాసిస్ ఉన్నవాళ్లు స్కిన్ డాక్టర్‌కి మోచేతులు, మోకాళ్లు, మాడు చూపిస్తారు. మెట్లెక్కితే ఆయాసం వస్తోందని, పొద్దున లేవగానే కఫంతో దగ్గు పట్టుకుంటోందని అక్కడ చెప్పాలని తోచదు. చాలాసార్లు డాక్టరూ అడగరు. చర్మాన్ని ఒకచోట, ఊపిరితిత్తుల్ని ఇంకోచోట చూడటం వైద్యంలో పాత అలవాటే.

చాలాకాలం సోరియాసిస్‌ను కుష్ఠుతో కలిపేశారు. ఒంటి మీంచి తెల్లటి పొలుసులు రాలితే చాలు, ఆ మనిషిని దూరం పెట్టేవారు. 19వ శతాబ్దం తొలి రోజుల్లో లండన్ వైద్యుడు రాబర్ట్ విలన్ ఈ జబ్బును శ్రద్ధగా వర్ణించారు గానీ, కుష్ఠును గుర్తుచేసే 'లెప్రా' అనే మాటను వదల్లేదు. ఇది కుష్ఠు కాదని 1841లో వియన్నాలో ఫెర్డినాండ్ ఫాన్ హెబ్రా స్పష్టంగా విడదీశారు. అంత పెద్ద నింద తొలగినా, ఇది చర్మం పైపై జబ్బే అన్న నమ్మకం ఇంకో వందేళ్లకు పైగా నిలిచిపోయింది.

ఆ నమ్మకాన్ని కదిలించింది ఒక అనుకోని ఫలితం. 1979లో కీళ్లవాతానికి సైక్లోస్పోరిన్ ఇచ్చి చూస్తుంటే, సోరియాసిస్ మచ్చలు కూడా తగ్గాయి. అది రోగనిరోధక కణాల్ని అణిచే మందు. అంటే గొడవ చర్మంతో మొదలై చర్మంతో ఆగేది కాదు. టీఎన్ఎఫ్ ఆల్ఫా, ఇంటర్‌ల్యూకిన్-17 లాంటి పదార్థాలు ఇందులో వాపును రేపుతాయని తర్వాత తెలిసింది. ఆయాసం, కఫంతో దగ్గు ఏళ్ల తరబడి వదలని ఊపిరితిత్తుల జబ్బును సీఓపీడీ అంటారు. ఆ రోగుల శ్వాసనాళాల్లోనూ ఇవి కనిపిస్తాయి.

2006లో అమెరికా పరిశోధకులు సోరియాసిస్‌కీ గుండెపోటుకీ లంకె చూపించారు. 2008లో ఇజ్రాయెల్ అధ్యయనం ఊపిరితిత్తుల వైపు చూసింది: సోరియాసిస్ ఉన్నవారిలో 5.7 శాతం మందికి సీఓపీడీ ఉంటే, లేనివారిలో అది 3.6 శాతమే.

దీనికి పొగే కారణం కాదా అని ఎవరైనా అడుగుతారు, అడగాలి కూడా. సిగరెట్ రెండు జబ్బుల ముప్పునూ పెంచుతుంది. ఆ లెక్క తీసేస్తే తేడా బాగా తగ్గింది, పూర్తిగా మాత్రం పోలేదు. అయినా ఒకటి రెండోదాన్ని తెచ్చిపెడుతుందని దీన్నిబట్టి చెప్పలేం.

మందుల దగ్గర మాత్రం రెండు జబ్బులూ నేరుగా ఎదురుపడతాయి. ఆయాసం ముదిరినప్పుడు ఇచ్చే స్టెరాయిడ్ మాత్రలు ఆపాక సోరియాసిస్ ఒక్కసారిగా విజృంభించవచ్చు, అరుదుగా ఒళ్లంతా చీముపొక్కులు లేస్తాయి. సోరియాసిస్‌కి వాడే మెథోట్రెక్సేట్ కొద్దిమందికి ఊపిరితిత్తుల్లో వాపు తెస్తుంది. ఆ మందు మీద ఉండగా కొత్తగా పొడిదగ్గు, ఆయాసం మొదలైతే ఆ కబురు స్కిన్ డాక్టర్‌కి వెంటనే అందాలి.