కుట్టు లేకుండా నిలిచే వాల్వ్

ఆషాఢ పౌర్ణమికి సింహాచలం కొండ చుట్టూ 32 కిలోమీటర్లు నడిచిన పెద్దాయన మరుసటేడు మేడమెట్లకే ఆయాసపడితే, "వయసైపోయింది, ఇక చాలించండి" అంటారు ఇంట్లోవాళ్లు. వయసే కావచ్చు. గుండెలోని అయోర్టిక్ వాల్వ్ కూడా కావచ్చు. ఎకో (గుండె స్కాన్) తీస్తే తేలిపోతుంది.

గుండె నుంచి ఒంటికంతటికీ రక్తం వెళ్లే ద్వారం అది. మూడు పల్చటి రెక్కలు, తెరుచుకుంటే 3-4 చదరపు సెంటీమీటర్ల దారి. వయసు మీదపడ్డాక కొందరిలో రెక్కల మీద కాల్షియం పేరుకుని బిగుసుకుపోతాయి. (పాలు, పెరుగు మానేస్తే తగ్గేది కాదిది. మందులతోనూ కరగదు.) దారి 1 చదరపు సెంటీమీటరు కన్నా తగ్గితే జబ్బు ముదిరినట్టే. ఆయాసం, ఛాతీనొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం మొదలయ్యాక అలాగే వదిలేస్తే, దాదాపు సగం మంది రెండేళ్లు దాటరు.

ఛాతీ ఎముక కోసి, పాత వాల్వ్ తీసేసి, కొత్తది కుట్టడం ఎప్పటి నుంచో ఉన్న పద్ధతి. ఎనభై ఏళ్ల ఒంటికి అది పెద్ద గండం. ఫ్రాన్స్ వైద్యుడు అలాన్ క్రిబియే 1985లో బెలూన్‌తో ఆ దారిని వెడల్పు చేశారు గానీ, నెలల్లోనే మళ్లీ ఇరుకైపోయేది. 1989లో డెన్మార్క్‌లో హెన్నింగ్ రూడ్ ఆండర్సన్ మడతపెట్టిన వాల్వ్‌ను పందుల్లో అమర్చి చూశారు. చివరికి 2002 ఏప్రిల్ 16న క్రిబియే బృందం, సర్జరీకి పనికిరాడన్న 57 ఏళ్ల రోగికి ఛాతీ కోయకుండా కొత్త వాల్వ్ పెట్టింది. రక్తనాళం గుండా వాల్వ్ అమర్చే ఈ పద్ధతే నేటి 'టావీ'.

అందరూ కోత చిన్నదని మెచ్చుకుంటారు. నాకైతే అసలు తెలివి వేరేచోట కనిపిస్తుంది: ఇందులో పాత వాల్వ్‌ను తీయరు. ఆవు లేదా పంది గుండెపొరతో చేసిన కొత్త వాల్వ్‌ను లోహపు చట్రంతో సహా నొక్కి, గజ్జల్లోని రక్తనాళం గుండా పైకి పంపుతారు. బెలూన్‌తో విచ్చుకునే రకమైతే, దాన్ని ఉబ్బించే క్షణంలో రక్తం వాల్వ్‌ను తోసేయకుండా గుండెను పేసింగ్‌తో (కరెంటు ప్రేరణలతో) నిమిషానికి 180 సార్లకు పైగా కొట్టిస్తారు. అంత వేగంలో గుండె రక్తాన్ని బలంగా తోయలేదు. చట్రం విచ్చుకుని పాత రెక్కలను గోడకు అదిమేస్తుంది. కుట్టు ఒక్కటీ లేకుండా దాన్ని పట్టి ఉంచేది ప్రధానంగా, ఇన్నాళ్లూ దారి మూసిన ఆ కాల్షియమే!

అందుకే కాల్షియం లేకుండా కేవలం లీకయ్యే వాల్వ్‌కు టావీ కష్టం. కాల్షియం గడ్డలుగా ఉన్నా చిక్కే: చట్రం పక్కనుంచి రక్తం లీకవుతుంది. పక్షవాతం ముప్పూ ఉంది. గుండె కరెంటు తీగలు ఆ పక్కనే ఉండటంతో కొందరికి పేస్‌మేకర్ పడుతుంది. ముందు సీటీలో కొలతలు తీసేది ఇందుకే.

విశాఖలోనూ టావీ చేస్తున్నారు. వాల్వ్‌లు గుజరాత్‌లోని వాపిలోనూ తయారవుతున్నాయి, అయినా ఖర్చు లక్షల్లోనే. జంతు కణజాలపు వాల్వ్ సాధారణంగా పది, పదిహేనేళ్లు పనిచేస్తుంది. కాబట్టి యాభై ఏళ్ల మనిషికి చాలాసార్లు సర్జరీయే మేలు, ఎనభై దాటిన వారికి టావీ. ఈ రెంటి మధ్య వయసు వారి విషయంలో కార్డియాలజిస్టు, సర్జన్ కలిసి కూర్చుని తేల్చాలి.