అణు ప్రమాదంలో ప్రాణాలు పోయేది ఎక్కడ?

ఒడిశాలోని గంజాం, గజపతి జిల్లాల్లో ఉండే మన తెలుగువాళ్లకు ఇల్లు ఖాళీ చేసి వెళ్లడం కొత్త కాదు. 2013 అక్టోబరులో ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు ఒడిశాలో దాదాపు 10 లక్షల మందిని ముందే తరలించారు. గాలి తగ్గాక జనం తిరిగొచ్చి, ఎగిరిపోయిన రేకులు వెతుక్కుని మళ్లీ పొయ్యి వెలిగించుకున్నారు. అణు ప్రమాదంలో అలా తిరిగొచ్చే హామీ ఉండదు. శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో ఒక్కోటి 1,208 మెగావాట్ల చొప్పున ఆరు రియాక్టర్లు పెట్టాలన్న ప్రతిపాదన ఉంది. కాబట్టి సరిహద్దు పక్కనే గజపతి జిల్లా పర్లాకిమిడిలో ఉన్నవాళ్లకూ ఇది సొంత విషయమే.

1986 ఏప్రిల్ 26న అప్పటి సోవియట్ యూనియన్‌లోని చెర్నోబిల్ అణు విద్యుత్ కేంద్రంలో నాలుగో రియాక్టరు పేలింది. ఆ రాత్రే ఇద్దరు పోయారు. తీవ్రమైన రేడియేషన్ జబ్బుతో కొన్ని నెలల్లోనే మరో 28 మంది ప్లాంటు ఉద్యోగులు, ఫైర్ సిబ్బంది చనిపోయారు. దూరాన ఉన్న పిల్లలకు మాత్రం ముప్పు పాలగ్లాసులోంచి వచ్చింది. గాల్లోకి లేచిన అయొడిన్-131 అనే రేడియోధార్మిక పదార్థం గడ్డి మీద పడింది, ఆ గడ్డి ఆవు మేసింది, ఒకటి రెండు రోజుల్లో అది పాలలోకి దిగింది. మన మెడలోని థైరాయిడ్ గ్రంథికి మామూలు అయొడిన్‌కీ దీనికీ తేడా తెలియదు, రెండింటినీ లాక్కుంటుంది. పిల్లల గ్రంథి చిన్నది, తాగే పాలు ఎక్కువ. అందుకే దెబ్బ వాళ్లకే గట్టిగా తగిలింది.

నాకు మింగుడుపడనిది ఒకటుంది. అయొడిన్-131 ఎనిమిది రోజులకోసారి సగానికి తగ్గిపోతుంది. కొన్ని వారాలు ఆ పాలు పట్టకుండా ఉంటే ఆ పిల్లల్లో చాలామంది తప్పించుకునేవాళ్లు. ఆ మాట పల్లెల్లో సకాలంలో చెప్పినవాళ్లు లేరు. 2005 నాటికి అప్పటి పిల్లల్లో 6,000 పైగా థైరాయిడ్ క్యాన్సర్లు బయటపడ్డాయి. వాటిలో పెద్ద భాగం ఆ పాల వల్లేనని ఐక్యరాజ్యసమితి శాస్త్రవేత్తలు తేల్చారు. చికిత్స ఉన్న క్యాన్సరు కావడంతో మరణాలు తక్కువే. అయినా గొంతు మీద ఆపరేషన్ గాటు, జీవితాంతం రోజూ ఒక మాత్ర మిగిలాయి. పక్కనున్న పోలండ్ కొద్ది రోజుల్లోనే కోటి మందికి పైగా పిల్లలకు అయొడిన్ మందు తాగించింది. గ్రంథి ముందే మంచి అయొడిన్‌తో నిండిపోతే చెడ్డదానికి చోటుండదు.

2011 మార్చిలో సునామీ దెబ్బకు జపాన్‌లోని ఫుకుషిమా అణు ప్లాంటులో ప్రమాదం జరిగినప్పుడు పాలు త్వరగానే ఆపారు. అక్కడ ప్రాణాలు పోయింది దారిలో. ప్లాంటుకి నాలుగైదు కిలోమీటర్ల దూరంలో ఫుతబా ఆసుపత్రి ఉంది. అక్కడి మంచానపడ్డ ముసలివాళ్లను బస్సుల్లో కూర్చోబెట్టి గంటల తరబడి తిప్పారు. సెలైన్ లేదు, డాక్టరు తోడు లేడు. ఆ ఆసుపత్రి, దాని పక్క వృద్ధాశ్రమం కలిపి 44 మంది పోయారని తర్వాత కోర్టు కేసులో లెక్క తేలింది. ఆ రాష్ట్రం మొత్తమ్మీద తరలింపు కష్టాలతో, చోటు మారిన దిగులుతో, ఆగిపోయిన వైద్యంతో పోయినవాళ్లు 2,300 మందికి పైనే. సునామీ నేరుగా పొట్టనపెట్టుకున్నది అక్కడ అంతకంటే తక్కువమందిని.

ఇటాతే అనే ఊరి సంగతి మన సరిహద్దువాళ్లు ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవాలి. ప్లాంటుకి 40 కిలోమీటర్ల దూరం. మొదటి రోజుల్లో ఖాళీ చేయించిన 20 కిలోమీటర్ల వలయానికి చాలా బయట ఉంది. గాలి అటు తిరిగింది, మంచు కురిసింది, విషం అక్కడ దిగింది. ఊరు ఖాళీ చేయమని చెప్పేసరికి నెల దాటిపోయింది. ఊళ్లో చాలా భాగానికి తిరిగి అనుమతి వచ్చింది 2017 మార్చి ఆఖరున. ఆరేళ్లలో పిల్లలు వేరే బళ్లలో కుదురుకున్నారు. వెనక్కి వచ్చినవాళ్లలో ఎక్కువమంది వయసు పైబడినవాళ్లే.

కొవ్వాడ కోసం ప్రమాద ప్రణాళిక రాసేవాళ్లు కాగితం మీద వలయం గీసి ఆంధ్రా హద్దు దగ్గర ఆపేస్తే కుదరదు. గజపతి జిల్లాలో పాలసేకరణ ఆపమని ఎవరు, ఎన్ని గంటల్లో చెప్పాలి? అయొడిన్ మాత్రలు ఏ పీహెచ్‌సీలో ఉండాలి? మంచం దిగలేని ముసలమ్మను ఏ బండిలో, ఏ నర్సు తోడుతో, ఏ ఆసుపత్రికి పంపాలి? ఇవి తెలుగులోనూ ఒడియాలోనూ అచ్చువేసి, ప్లాంటుకి పునాది పడకముందే పంచాయతీ గోడ మీద అంటించాలి.