ఒకే వీడియో, రెండు ప్రదర్శనలు

2012 నవంబరులో టొరంటో విశ్వవిద్యాలయంలో వారెన్ ఫారెల్ ఉపన్యాసం ఏర్పాటైంది. మగపిల్లలు అనేక విషయాల్లో వెనకబడిపోతున్నారన్నది ఆయన వాదన. 1970లలో ఇదే ఫారెల్ అమెరికా జాతీయ మహిళా సంస్థ న్యూయార్క్ శాఖ కార్యవర్గంలో పనిచేశారు. తర్వాత దారి మార్చుకుని పురుష హక్కుల ఉద్యమానికి పెద్దదిక్కయ్యారు. ఆ సాయంత్రం నిరసనకారులు సభామందిరం తలుపులకు అడ్డంగా నిలబడ్డారు. పోలీసులు వచ్చి దారి చేయాల్సి వచ్చింది. అప్పుడు తీసిన వీడియోలు చాలా దూరం తిరిగాయి. వాటిలో కొందరికి విద్వేషాన్ని ఎదిరించిన నిరసన కనిపించింది, మరికొందరికి గొంతు నొక్కే దౌర్జన్యం కనిపించింది.

వీరిలో ఒకరు అబద్ధమాడుతున్నారనుకోవడం తేలిక. కానీ అదే ఏడాది, ఈ ఘటనతో సంబంధం లేకుండా, యేల్ విశ్వవిద్యాలయ న్యాయశాస్త్ర ఆచార్యుడు డాన్ కహాన్ బృందం ప్రచురించిన ఒక ప్రయోగం వేరే సంగతి చెబుతోంది. వారు 202 మంది అమెరికన్లకు ఒక నిరసన ప్రదర్శన వీడియో చూపించారు. అది గర్భస్రావాలు చేసే ఆస్పత్రి ముందు గర్భస్రావ వ్యతిరేకులు చేసిన ప్రదర్శన అని సగం మందికి చెప్పారు. స్వలింగ సంపర్కుల పట్ల సైన్యం చూపే వివక్షకు నిరసనగా, సైనిక నియామకాల కేంద్రం ముందు జరిగిన ప్రదర్శన అని మిగతా సగం మందికి చెప్పారు. తర్వాత అడిగిన ప్రశ్నలు అభిప్రాయాలకు సంబంధించినవి కావు, కంటికి కనిపించేవి: ఎవరినైనా అడ్డుకున్నారా, బెదిరించారా, మీదమీదకు వెళ్లారా? ప్రదర్శన తమ విలువలకు దగ్గరగా ఉందనుకున్నవారికి అరుపులే కనిపించాయి. దూరంగా ఉందనుకున్నవారికి నిర్బంధం కనిపించింది. వీడియో మాత్రం ఒక్కటే.

భావ ప్రకటన స్వేచ్ఛ మీద నడిచే వాదాలన్నింటికీ పునాది మాటకూ చేతకూ మధ్య ఉన్న గీతే. మాటకు రక్షణ ఉంటుంది, తలుపుకు అడ్డం నిలబడే హక్కు ఎవరికీ ఉండదు. న్యాయమూర్తులు ఆ గీతను ఎంత జాగ్రత్తగా గీసినా, అది ఎక్కడుందో చూడాల్సిన కన్నే ముందుగా పక్షం ఎంచుకుని కూర్చుంటే ఏం చేస్తాం?

సూత్రం కూడా మనిషిని బట్టి వంగుతుంది. మార్క్ వైట్, క్రిస్టియన్ క్రాండల్ 2017లో ప్రచురించిన పరిశోధనలో, జాతి వివక్ష ఎక్కువగా ఉన్నవారు జాతి విద్వేషపు మాటలను భావ స్వేచ్ఛ పేరుతో గట్టిగా సమర్థించారు. అదే తీరు మాటలు పోలీసుల మీద పడినప్పుడు వారిలో ఆ ఉత్సాహం కనిపించలేదు. ఈ ఫలితం చదివి 'చూశారా, వాళ్లంతే' అనుకోవడం ఎవరికైనా హాయిగా ఉంటుంది. నాకూ ఉంది. నాకు నచ్చని ఉపన్యాసం రద్దయినప్పుడు సభ నిర్వాహకుల ఇష్టమనీ, నచ్చినది రద్దయినప్పుడు స్వేచ్ఛకు సంకెళ్లనీ నేనూ అనుకున్న రోజులున్నాయి.

నోరు నొక్కితే మాట చచ్చిపోతుందా అన్నది వేరే ప్రశ్న. దీన్ని సామాజిక మనస్తత్వ శాస్త్రం యాభై ఏళ్ల కిందటే పరీక్షించింది. స్టీఫెన్ వర్చెల్, సుసాన్ ఆర్నాల్డ్ 1973లో విద్యార్థులకు ఒక ప్రసంగం వినిపిస్తామని చెప్పి, తర్వాత దాన్ని ఎవరో ఆపించారన్నారు. ఆ ప్రసంగం వినాలన్న కోరిక విద్యార్థుల్లో పెరిగింది. అంతేకాదు, వినకుండానే వారి అభిప్రాయం ఆ ప్రసంగం వైపు జరిగింది. ఒక్క ముక్క కూడా వినని ప్రసంగానికి ఇంతకంటే మంచి ప్రచారం ఏముంటుంది? తలుపులు మూయించేవారు తలచుకోవాల్సిన ప్రయోగమిది.

స్వేచ్ఛ అడిగేది పురుష హక్కులవారు, ఆంక్షలు అడిగేది స్త్రీవాదులు అన్న లెక్క చరిత్ర ముందు నిలవదు. 1914లో, గర్భనిరోధం కోసం పోరాడిన మార్గరెట్ శాంగర్ తన పత్రికను తపాలాలో పంపినందుకు అమెరికాలో అశ్లీల నిరోధక చట్టం కింద కేసు ఎదుర్కొన్నారు. 1984లో ఇండియానాపొలిస్ నగరం అశ్లీల సాహిత్యం మీద ఒక శాసనం చేసింది. దాని వెనుక ఉన్న ఆలోచన స్త్రీవాదులది. దాన్ని ఎదిరించినవారిలోనూ స్త్రీవాదులున్నారు. కోర్టు అదే ఏడాది ఆ శాసనాన్ని భావ స్వేచ్ఛ ప్రాతిపదికన కొట్టివేసింది, మరుసటి ఏడాది అప్పీలు కోర్టు ఆ తీర్పును ఖాయం చేసింది.

ఇక అంకెలు. ఈ గొడవలో అబద్ధపు అంకెల కంటే సగం అంకెలే ఎక్కువ నష్టం చేస్తున్నాయని నా అభిప్రాయం. ప్రపంచవ్యాప్తంగా ఆత్మహత్యతో చనిపోయే రేటు పురుషుల్లో స్త్రీల కంటే రెట్టింపుకు పైగా ఉంది. ప్రయత్నించి బతికినవారిని లెక్కిస్తే చాలా దేశాల్లో స్త్రీలే ఎక్కువ. హత్యకు గురయ్యేవారిలో సుమారు 80 శాతం పురుషులు. హత్యానుమానితుల్లో సుమారు 90 శాతమూ పురుషులే. 2022లో హతులైన స్త్రీలలో 55 శాతం మందిని చంపినవారు జీవిత భాగస్వాములో కుటుంబసభ్యులో అని ఐక్యరాజ్యసమితి అంచనా. పురుషుల్లో ఆ వాటా 12 శాతం. అంటే మగవాడికి ముప్పు ఎక్కువగా ఇంటి బయటిది, ఆడమనిషికి ఇంటిలోపలిది. ఈ వరుసలో ఏదో ఒక వాక్యం దగ్గర చదవడం ఆపితే ఏ పక్షానికి కావాల్సిన కరపత్రం ఆ పక్షానికి తయారవుతుంది.

ఆన్‌లైన్ వేధింపుల సంగతీ అంతే. ప్యూ పరిశోధన కేంద్రం 2021లో ప్రచురించిన అమెరికా సర్వేలో, ఏదో ఒక రకమైన వేధింపు ఎదురైందన్నవారు పురుషుల్లో 43 శాతం, స్త్రీలలో 38 శాతం. లైంగిక వేధింపు గురించి విడిగా అడిగితే, 35 ఏళ్లలోపు స్త్రీలలో 33 శాతం, అదే వయసు పురుషుల్లో 11 శాతం. రెండూ ఒకే సర్వేలోనివి. ఇక్కడ భావ స్వేచ్ఛ మళ్లీ తలెత్తుతుంది. సెన్సారు అనగానే మనకు కత్తెర పట్టుకున్న ప్రభుత్వం గుర్తొస్తుంది. కానీ అత్యాచారం చేస్తామన్న బెదిరింపులు పదేపదే వస్తుంటే రాయడం మానుకున్న మనిషి గొంతు కూడా మూగబోయినట్లే, ఏ ఉత్తర్వూ లేకుండానే.

ఇంత వేడిలో అరుదుగా కొలిచిన సంగతి ఒకటుంది: స్త్రీవాదులు మగవాళ్లను నిజంగా ద్వేషిస్తారా? ఈఫా హాప్కిన్స్-డాయిల్, మరికొందరు పరిశోధకులు 9 దేశాల్లో, 9,799 మందితో, ఆరు అధ్యయనాలుగా దీన్ని కొలిచారు. ఫలితాలు 2023లో వెలువడ్డాయి. పురుషుల పట్ల స్త్రీవాదుల వైఖరి మొత్తం మీద సానుకూలంగానే ఉంది. స్త్రీవాదులు కాని స్త్రీల వైఖరికి, అసలు పురుషుల పట్ల పురుషుల వైఖరికి కూడా అది పెద్ద దూరంలో లేదు. తమాషా ఏమిటంటే, స్త్రీవాదులకు పురుషద్వేషం ఉందని ఎక్కువగా ఊహించుకున్నవారిలో స్త్రీవాదులు కూడా ఉన్నారు! పక్కవాళ్లకు ఉన్నదనుకున్నారు కాబోలు.

అయితే రెండు వైపులా మండుతున్న కడుపులు ఉత్తుత్తివేనా? కావు. పీటర్ గ్లిక్, సుసాన్ ఫిస్క్ 19 దేశాల్లో 15,000 మందికి పైగా అడిగి, 2000లో ఒక ఫలితం ప్రచురించారు. స్త్రీలను తక్కువగా చూసే ధోరణి బలంగా ఉన్న దేశాల్లోనే, స్త్రీ సుకుమారి కాబట్టి మగవాడు తన సుఖం వదులుకునైనా ఆమెను కాపాడాలనే ధోరణీ బలంగా ఉంది. తిట్టు, పొగడ్త ఒకే కొమ్మకు కాస్తున్నాయి. ఆడవాళ్లకు అధికారం ఎందుకన్న నమ్మకమే, కష్టం వస్తే మగవాడు నోరెత్తకుండా భరించాలనీ అంటుంది. స్త్రీవాదులు మొదటి భాగాన్నీ, పురుష హక్కులవారు రెండో భాగాన్నీ పట్టుకుని కొట్టుకుంటున్నారు.

కోర్టుల్లో ఈ సంగతి ముందే బయటపడింది. 1972లో స్టీఫెన్ వీసెన్‌ఫెల్డ్ భార్య ప్రసవంలో చనిపోయింది. బిడ్డను పెంచడానికి ఆమె పేరున సామాజిక భద్రతా భృతి అడిగితే, అది వితంతువైన తల్లికే తప్ప తండ్రికి రాదన్నారు. ఆయన తరఫున వాదించింది, తర్వాతి కాలంలో సుప్రీంకోర్టు న్యాయమూర్తి అయిన రూత్ బేడర్ గిన్స్‌బర్గ్. స్త్రీ సంపాదనకు విలువ తక్కువన్న ఊహ, తండ్రి బిడ్డను పెంచడన్న ఊహ రెండూ ఆ ఒక్క నిబంధనలోనే ఉన్నాయని ఆమె చూపించారు. 1975లో అమెరికా సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ఆయనకు అనుకూలంగా తీర్పిచ్చింది. గిన్స్‌బర్గ్ అంతకు మూడేళ్ల ముందు అమెరికా పౌరహక్కుల సంఘంలో మహిళా హక్కుల విభాగాన్ని మొదలుపెట్టారు. సైనిక సేవకు పేరు నమోదు చేసుకోవాలన్న నిర్బంధం మగవాళ్లకు మాత్రమే ఎందుకని పురుషుల జాతీయ కూటమి వేసిన కేసు 2021లో సుప్రీంకోర్టు గుమ్మం చేరింది. అప్పుడు ఆ కూటమి తరఫున అర్జీ పట్టుకుని నిలబడిన న్యాయవాదులు ఆ విభాగం వారే. కోర్టు అర్జీని విచారణకు తీసుకోలేదు.