మాయ పడ్డాక రక్తం ఎలా ఆగుతుంది?

కాన్పులో మొదటి దశ గర్భసంచి ముఖద్వారం 10 సెంటీమీటర్లు తెరుచుకోవడం, రెండోది బిడ్డ బయటికి రావడం. వాటి గురించి అందరూ చెబుతారు. మూడోది మాయ (కడుపులో బిడ్డను బొడ్డుతాడుతో తల్లికి కలిపే ప్లాసెంటా) ఊడి బయటపడడం. బిడ్డ ఏడుపు వినబడగానే గండం గడిచిందనుకుంటాం గానీ, తల్లి రక్తం ఎక్కువగా పోగొట్టుకునే ప్రమాదం అప్పుడే మొదలవుతుంది.

నెలలు నిండిన గర్భసంచికి నిమిషానికి 500 నుంచి 700 మిల్లీలీటర్ల రక్తం వెళ్తుంటుంది. మాయ ఊడితే అది అంటుకున్న చోట రక్తనాళాల మూతులు బార్లా తెరుచుకుంటాయి. మరి ఒంట్లో రక్తమంతా పది నిమిషాల్లో ఎందుకు పోదు? గడ్డకడుతుంది కాబట్టి అంటారు. నిజమే, కానీ ముందు కాపాడేది కండరం. గర్భసంచి గోడ మధ్యపొరలో కండర పోగులు నులకమంచం అల్లికలా ఒకదాని మీదుగా ఒకటి పోతుంటాయి, నాళాలు ఆ సందుల్లోంచి వస్తాయి. నులక బిగిస్తే సందులు పూడినట్టే, గర్భసంచి ముడుచుకుంటే నాళాలు నొక్కుకుపోతాయి. ఈ పోగులు పొట్టిబడ్డాక వెంటనే పాత పొడవుకు సాగవు కూడా.

కవలలైనా, ఉమ్మనీరు ఎక్కువైనా, నొప్పులు మరీ ఎక్కువసేపు సాగినా ఈ నులక వదులవుతుంది. మాయ ముక్క లోపల మిగిలితే సరిగా బిగియదు. మూత్రసంచి నిండి ఉన్నా అంతే, అందుకే సిస్టర్లు ముందు మూత్రం పోయమంటారు. గర్భసంచి కింది భాగంలో అసలు అల్లికే పలుచన. మాయ అక్కడ అంటుకుని ఉంటే, పైభాగం గట్టిపడినా రక్తం కారుతూనే ఉండొచ్చు.

బిడ్డ పుట్టిన నిమిషంలోపే తల్లికి 10 యూనిట్ల ఆక్సిటోసిన్ ఇంజెక్షన్ ఇచ్చేది ఈ బిగింపు కోసమే. ఆ మందును 2 నుంచి 8 డిగ్రీల చలిలో ఉంచాలి, ఎండలో పడేస్తే సత్తువ పోతుంది. బొడ్డుతాడు పొడవు పెరిగి, ఒక్కసారిగా కాస్త రక్తం వచ్చి, గర్భసంచి గుండ్రంగా గట్టిపడి పైకి లేస్తే మాయ ఊడినట్టు. తాడును మెల్లగా లాగేటప్పుడు రెండో చెయ్యి పొత్తికడుపు మీద ఆనించి గర్భసంచిని పైకి నెట్టి పట్టాలి. అలా పట్టకుండా, గట్టిపడని గర్భసంచి నుంచి గుంజితే అదే లోపలిది బయటికి తిరగబడొచ్చు. మాయ గుండెల్లోకి ఎక్కుతుందన్న పాత భయంతో తాడు గుంజడం ఎంత ప్రమాదమో! గర్భసంచిలోంచి గుండెకు మాయ పోయే దారే లేదు.

పడిన మాయ సుమారు అరకిలో తూగుతుంది. దాన్ని పరిచి, ఏ తునకైనా తగ్గిందేమో చూస్తారు. అరగంటైనా పడకపోతే డాక్టరు చేత్తో తియ్యాల్సి రావచ్చు. రక్తం 500 మిల్లీలీటర్లు దాటితే గర్భసంచిని మర్దన చేస్తూ, మళ్లీ ఆక్సిటోసిన్‌తో పాటు కట్టిన రక్తపు గడ్డ కరిగిపోకుండా ఆపే మందు ట్రానెక్సామిక్ యాసిడ్‌ను ఒక గ్రాము సెలైన్ సూదిలోంచి నెమ్మదిగా ఎక్కిస్తారు. కాన్పైన మూడు గంటల్లోపు ఇస్తేనే దాని ఫలితం.