శాంపిల్ ఆధారిత సాఫ్ట్‌వేర్ సింథసైజర్ నిర్మాణం: అపోహలు - వాస్తవాలు

అపోహ: శాంపిల్ (రికార్డు చేసిన ధ్వని) వాయించేది శాంప్లరే తప్ప సబ్‌ట్రాక్టివ్ సింథసైజర్ కాదు.

వాస్తవం: సబ్‌ట్రాక్టివ్ పద్ధతికి, అంటే అక్కర్లేని పౌనఃపున్యాలను ఫిల్టర్‌తో తీసేసి నాదాన్ని మలిచే పద్ధతికి, కావలసింది హార్మోనిక్స్ (మూల పౌనఃపున్యపు గుణిజాలు) పుష్కలంగా ఉన్న మూలధ్వని. అది ఆసిలేటర్ (తరంగాన్ని పుట్టించే భాగం) నుంచి వచ్చినా, మెమరీలోని రికార్డింగ్ నుంచి వచ్చినా, ఆ తర్వాత ఉండే ఫిల్టర్, ఆంప్లిఫయర్, వాటిని కాలంతో పాటు మారుస్తూ నడిపే ఎన్వలప్‌ల అమరిక మారదు. 1988లో వచ్చిన కోర్గ్ ఎం1 కీబోర్డు సింథసైజర్ ఇదే అమరికతో పనిచేసింది. దాని ఫిల్టర్‌కు రెజొనెన్స్ (ఫిల్టర్ కోత మొదలయ్యే చోటి పౌనఃపున్యాలను పెంచే గుణం) లేదు. నేటి సాఫ్ట్‌వేర్‌లో ఆ లోటు ఉండనక్కరలేదు.

అపోహ: శ్రుతి మార్చడానికి శాంపిల్‌ను వేగంగానో నిదానంగానో చదివితే సరిపోతుంది.

వాస్తవం: అసలు కష్టమంతా ఇక్కడే ఉంది. శ్రుతిని ఒక సెమిటోన్ పెంచాలంటే చదివే స్థానం ప్రతి అడుగులోనూ సుమారు 1.0595 చొప్పున జరగాలి కాబట్టి, మనకు కావలసిన విలువ దాదాపు ఎప్పుడూ రికార్డింగ్‌లోని రెండు వరుస విలువల (వీటినీ శాంపిళ్లనే అంటారు) నడుమ ఎక్కడో ఉంటుంది. ఆ రెంటినీ సరళరేఖతో కలిపితే పై పౌనఃపున్యాలు మసకబారతాయి. నాలుగు బిందువుల హెర్మైట్ ఇంటర్‌పొలేషన్ (పక్కనున్న నాలుగు విలువలను బట్టి నడిమి విలువను వక్రరేఖతో అంచనా వేయడం) నా దృష్టిలో కనీస అవసరం. సెకనుకు 44,100 శాంపిళ్లతో రికార్డు చేసిన ధ్వనిని ఒక స్థాయి (ఆక్టేవ్, అంటే రెట్టింపు పౌనఃపున్యం) పైకి తీసుకెళితే, అందులో 11,025 హెర్ట్జ్‌కు పైనున్నదంతా శాంపిల్ రేటులో సగమైన 22,050 హెర్ట్జ్ హద్దును దాటి వెనక్కి మడత పడుతుంది. లోహపు తీగ మీటిన శాంపిల్‌ను మధ్య షడ్జం నుంచి తార షడ్జానికి జారించి చూడండి: శ్రుతి పైకి పోతూ ఉండగా సన్నని ఈల ఒకటి కిందికి దిగుతూ వినిపిస్తే అది ఏలియాసింగే. దీనికి మందు, పై పౌనఃపున్యాలను ముందే తొలగించిన ప్రతులను స్థాయికొకటి చొప్పున సిద్ధం చేసుకోవడం.

అపోహ: లైబ్రరీ ఎంత పెద్దదైతే నాదం అంత బాగుంటుంది.

వాస్తవం: ఎం1 మూలధ్వనులన్నీ 4 మెగాబైట్లలోనే ఇమిడాయి. లూప్ (స్వరం నిలిచి ఉన్నంతసేపూ తిరిగి తిరిగి వాయించే భాగం) మొదట్లోనూ చివరనూ తరంగం విలువ, వాలు రెండూ కలవకపోతే ఎన్ని గిగాబైట్లున్నా ప్రతి ఆవృత్తిలో ‘టిక్’మంటుంది.

అపోహ: కంప్యూటర్ వేగం పెరిగితే చిటపటలు పోతాయి.

వాస్తవం: సెకనుకు 48,000 శాంపిళ్ల రేటులో 64 శాంపిళ్ల బఫర్‌ను (ఒక్కో విడతలో సౌండ్ కార్డుకు అందించే ముక్కను) నింపడానికి మనకున్న గడువు 1.33 మిల్లీసెకన్లు. సగటు వేగం ఎంత ఉన్నా, ఆడియో థ్రెడ్ (ధ్వనిని లెక్కించే పని వరుస) ఆ గడువులో ఒక్కసారి డిస్క్ కోసమో, మరో థ్రెడ్ పట్టుకున్న లాక్ కోసమో, కొత్త మెమరీ కోసమో ఆగితే ధ్వని తెగుతుంది. అందువల్ల ప్రతి శాంపిల్ తొలి భాగాన్ని మెమరీలో ఉంచి, మిగిలినది వేరే థ్రెడ్ చేత డిస్క్ నుంచి తెప్పించాలి. ఇక కటాఫ్ (ఫిల్టర్ కోత మొదలయ్యే పౌనఃపున్యం) విలువను బఫర్‌కొకసారి మాత్రమే మార్చడం వల్ల వచ్చే గరగర, వాయిస్‌ను (ఒక్కో స్వరాన్ని వాయించే యూనిట్‌ను) ఉన్నపళంగా ఆపి మరో స్వరానికి ఇవ్వడం వల్ల వచ్చే ‘టప్’ అనే చప్పుడు ఎంత వేగవంతమైన ప్రాసెసర్‌తోనూ పోవు. మొదటిదానికి శాంపిల్ శాంపిల్‌కూ విలువను నునుపు చేయాలి, రెండోదానికి కొన్ని మిల్లీసెకన్ల ఫేడ్ ఇవ్వాలి.